తవుడికి అమ్మిన పిల్లవాడి కోసం విశాఖలో నాలుగు రోజులు

విశాఖపట్నం వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధివాళ్ళంతా కూడబలుక్కున్నట్టు ఒకటే అడిగారు. కైలాసగిరి ఎక్కావా, బొర్రా గుహలు చూశావా, సముద్రంలో దిగావా? కొండ ఎక్కలేదు. గుహలు చూడలేదు. సముద్రంలో దిగలేదు గానీ దాని ఒడ్డున ఇసుకలో మోపెడ్ మీంచి పడ్డాను. నాలుగు రోజుల్లో నేను చూసింది ఒక ఆసుపత్రి వరండా, ఒక ఉక్కునగరం వంటిల్లు, ఒక జాలరిపల్లె, మళ్ళీ అదే వరండా. విహారానికి వెళ్ళేవాళ్ళకు ఇందులో పనికొచ్చేది ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నాను.

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. హైదరాబాదులో ఒక పరిశోధన ఆఫీసులో కాగితాలు సరిచూడటం నా పని. హెచ్ఐవి ఉన్న గర్భిణికి నొప్పుల సమయంలో ఒక మాత్ర, పుట్టగానే బిడ్డకు కొన్ని చుక్కల మందు ఇస్తే ఎంతమంది పిల్లలు ఆ జబ్బు తప్పించుకుంటారు, ఏ పాలు తాగిన పిల్లలు ఎలా ఉంటారు అన్నది మావాళ్ళ పరిశోధన. బిడ్డకు పద్దెనిమిది నెలలు నిండితే గానీ మా రక్తపరీక్షతో కచ్చితంగా తేలదు. అంతకుముందు చేస్తే తల్లి ఒంట్లోంచి వచ్చిన యాంటీబాడీలే బిడ్డ రక్తంలోనూ కనిపించి మోసం చేస్తాయి. అందుకని పద్దెనిమిదో నెల వచ్చేదాకా ఆ తల్లీబిడ్డల్ని వదలకుండా పట్టుకోవడమే మా అందరి తలనొప్పి.

ఇది రెండు వేల నాలుగులోనో అయిదులోనో జరిగింది. విశాఖ నుంచి వచ్చిన ఒక ఫారంలో, "బిడ్డ ప్రస్తుత పరిస్థితి" అన్న గడిలో మా ఊరూరా తిరిగే కార్యకర్త రెండే మాటలు రాశాడు. "బిడ్డను అమ్మేశారు." అది ఇంగ్లీషులోకి మారి విదేశాల్లో ఉన్న పెద్ద డాక్టర్ల బల్లల మీదికి వెళ్ళింది. ఇంకేముంది, కొంప మునిగింది. మా డాక్టరుగారు నన్ను పిలిచి, "విమలగారూ, బయల్దేరండి. ఆ బిడ్డ ఎక్కడున్నాడో చూడండి, పరీక్ష చేయించండి. శనివారంతో గడువు అయిపోతుంది. ఆ తరువాత ఆ ఫైలు మూసేయాల్సిందే" అన్నారు. అప్పటికి మంగళవారం సాయంత్రం.

ఫైలు మూసేస్తే మాకు ఒక నంబరు తగ్గుతుంది, అంతే. ఆ పిల్లవాడి సంగతి వేరు. జబ్బు ఉందని తేలితేనే పిల్లల డాక్టరు దగ్గర మందులు మొదలవుతాయి. ఆ తల్లికి అంతకుముందు పుట్టిన ఇద్దరూ ఏడాది నిండకుండా పోయారని ఫైల్లో ఉంది. ఎందుకు పోయారో అప్పుడు ఎవరూ పరీక్ష చేయలేదు. ఇక్కడ నేను రాసే పేర్లు అసలువి కావు, ఆ పల్లె పేరు అసలే రాయను.

బుధవారం: చోటు చాలని ఫారం

బండి మూడు గంటలు ఆలస్యం. స్టేషను బయట ఆటో అతను "ఏటి మేడం, యే ఊరు మీది?" అని మొదలుపెట్టి, ఆసుపత్రి చేరేలోపల నా జీతం, మా ఆయన ఉద్యోగం, మాకు పిల్లలెంతమంది అన్నీ రాబట్టాడు. హైదరాబాదు ఆటోవాళ్ళు మీటరు గురించి తప్ప మాట్లాడరు. ఇక్కడివాళ్ళు మీటరు గురించి తప్ప అన్నీ మాట్లాడతారు.

ఆసుపత్రి వరండాలో మా కార్యకర్త అప్పలరాజు ఎదురొచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, నవ్వు ముఖం. నేను టీ కూడా తాగకుండా ఫారం వాడి ముందు పెట్టాను.

"ఎవరికి అమ్మారయ్యా బిడ్డని?"

"పక్కింటావిడకి మేడం."

"ఎంతకి?"

"చాటెడు తవుడికి."

నేను వాడి ముఖం చూశాను. వాడు నా ముఖం చూశాడు.

"పిల్లలు పుట్టి పోతంటే అలగే సేత్తారు కదా మేడం," అన్నాడు అప్పలరాజు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "తరవాత పుట్టినోడిని చాటలో ఎట్టి, ఇంకొకావిడకి తవుడికి అమ్మీసి, తవుడు అని పేరెడతారు. మనకి అక్కర్లేనోడు అనుకుని సావు వొదిలీద్దని. నా బావమరిది పేరు కూడా తవుడే."

నాకు ఒళ్ళు మండిపోయింది. కోపం వాడి మీదా, నా మీదా అన్నది అప్పుడు తేల్చుకోలేదు. మా తాత తమ్ముడి పేరు పెంటయ్య. ఆయన్ని పుట్టగానే పెంటకుప్ప మీద పెట్టి తీసుకున్నారని మా ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటి ఇంట్లో పుట్టి, ఈ రెండు మాటలు చదివి పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దాకా ఊహించుకుని రాత్రంతా బండిలో కూర్చుని వచ్చాను.

"ఈ ముక్క ఫారంలో రాయడానికేం?"

"గడిలో అంత చోటు నేదు మేడం."

నిజమే, లేదు. ఆ ఫారం తయారుచేసినవాళ్ళు బిడ్డ పరిస్థితికి ఒక అంగుళం చోటిచ్చారు.

"సరే, అమ్మడం ఉత్త మాటేగా. పిల్లవాడు తల్లి దగ్గరే ఉన్నాడా?"

"ఉండే ఉంటాడు మేడం."

"ఉండే ఉంటాడేమిటి? నువ్వు చూడలేదా?"

అప్పుడు బయటపడింది అసలు కథ. తల్లి పేరు నూకాలు. బిడ్డకు ఆరో నెల వచ్చేవరకూ చెప్పిన రోజుకల్లా వచ్చింది. ఆ తరువాత మాయమైంది. ఎప్పుడో చేపల రేవు దగ్గర అప్పలరాజుకు కనిపిస్తే, "గుంటడేడీ?" అని పిల్లవాడి గురించి అడిగాడు. "పక్కింటావిడకి చాటెడు తవుడికి అమ్మీసినాను" అని చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయింది. వీడు ఆ మాట రాసుకుని ఇంటికి పోయాడు. ఆమె ఊరు ఏదో ఎవరికీ తెలియదు. ఫైల్లో ఉన్నది ఉక్కునగరంలో ఒక క్వార్టరు అడ్రసు.

"సముద్రంలో వేటకెళ్ళే ఇంటి మనిషికి స్టీలు ప్లాంటు క్వార్టరెలా వస్తుందని ఏడాదిన్నరగా నీకు అనుమానం రాలేదా?"

"వొచ్చింది మేడం. అందుకే మూడు ఉత్తరాలేసినాం."

గురువారం: ఉక్కునగరంలో గుసగుసలు

ఉక్కునగరం పద్ధతైన ఊరు. సెక్టార్లు, వరుసగా క్వార్టర్లు, చెట్లు. ఒకటే చిక్కు, ఏ ఇల్లు చూసినా పక్కదానిలాగే ఉంటుంది. అప్పలరాజు మోపెడ్ మీద ఒకే వీధి నాలుగుసార్లు తిప్పాడు. చివరికి ఆ నంబరు దొరికింది. తలుపు తీసినావిడకు యాభై ఏళ్ళుంటాయి. భీమవరం వైపు నుంచి భర్త ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డ మనిషి. పేరు సత్యవతి. నేను నోరు తెరిచేలోపలే పెదాల మీద వేలు పెట్టింది.

"మెల్లిగా అండీ. ఆయన నైట్ షిఫ్టు చేసొచ్చి ఇప్పుడే పడుకున్నారు."

అక్కడి నుంచి గంటసేపు వంటింట్లో గుసగుసలే. నూకాలు ఆవిడ బంధువు కాదు, అద్దెకుండే మనిషీ కాదు. వారానికి రెండుసార్లు తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి చేపలమ్మేది.

"ఒకరోజు అడిగిందండీ, 'అమ్మా, నా పేరు మీద ఉత్తరాలొత్తే దాసి ఉంచండి, మా ఊరు రానీకండి' అని. సరేలే పాపం అన్నాను. ఇవొచ్చాక ఆ మనిషి మళ్ళీ రాలేదండీ, ఇవిగోండి."

ఫ్రిజ్ మీద ప్లాస్టిక్ పూలకుండీ కింద మా ఆసుపత్రి ఉత్తరాలు మూడూ ఉన్నాయి. విప్పలేదు.

"తెరిచి చూడలేదా అండీ?" అన్నాను.

"ఆయ్, ఎంతమాట! ఒకళ్ళకొచ్చిన ఉత్తరం మనం విప్పుతామా? ఇంతకీ ఏంటండీ, చీటీ గొడవా?"

"కాదండీ."

"పోలీసు కేసా?"

"కాదండీ, పిల్లల టీకాల సంగతి," అన్నాను. మా వృత్తిలో నిజం చెప్పకూడదు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆవిడ నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అబద్ధం చెప్పినందుకు నన్ను శిక్షించాలన్నట్టు పెసరట్లు వేయడం మొదలెట్టింది. అల్లం, పచ్చిమిర్చి దట్టంగా చల్లిన పెసరట్టు తిని, కారానికి దగ్గు వస్తే లోపలి ఆయన నిద్రలేస్తారని కొంగు నోట్లో కుక్కుకున్నాను. మూడోది కూడా వేసింది. వద్దని గుసగుసగా చెబితే ఎవరికి వినపడుతుంది?

బయల్దేరబోతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి అంది. "మా నూకాలు నాలుగు నెలల్నుంచి రావట్లేదండీ. ఆఖరుసారి వచ్చినప్పుడు తట్ట దించడానికి నన్ను సాయం పట్టమంది. అంతకుముందెప్పుడూ అడగలేదు. బాగా చిక్కిపోయింది. అచ్యుతాపురం దాటాక సముద్రం వైపు వాళ్ళ పల్లె. కనిపిస్తే అడిగానని చెప్పండి."

ఆ ముక్క ముందే చెప్పి ఉంటే రెండు పెసరట్లు తప్పించుకునేదాన్ని. ఊరి పేరు చీటీ మీద రాసుకుని బయటపడ్డాం.

శుక్రవారం: కాటా

పల్లెలో ఏమని చెప్పి అడుగుపెట్టాలి అన్నది పెద్ద ప్రశ్న. హెచ్ఐవి అన్న మాట ఎవరి చెవిన పడినా నూకాలుకు ఆ ఊళ్ళో నీళ్ళు పుట్టవు. అప్పలరాజుకు ఒక ఉపాయం తట్టింది. పిల్లల్ని తూచే కాటా పట్టుకెళ్దాం, బరువులు చూడటానికొచ్చామని చెబుదాం అన్నాడు. మంచి ఉపాయమే అనుకుని ఒప్పుకున్నాను. ఈ యాత్రలో నేను చేసిన తప్పుల్లో అది పెద్దది.

గాజువాక మీదుగా అచ్యుతాపురం చేరేసరికి పది దాటింది. పొలాల్లో కొత్తగా పాతిన సర్వే రాళ్ళున్నాయి, కంపెనీలొస్తాయట. టీ మూడు రూపాయలు, అందులో రెండు రూపాయల పంచదార. పల్లెకు దిగే దారిలో ఇసుక మొదలవగానే మోపెడ్ ఒక పక్కకి, మేమిద్దరం ఒక పక్కకి పడ్డాం. కాటాకు దెబ్బ తగలలేదని అప్పలరాజు సంబరపడ్డాడు. నా మోచేయి చెక్కుకుపోయింది, దాన్నెవరూ చూడలేదు.

వలలు బాగుచేసుకునే పాక దూలానికి కాటా వేలాడదీశామో లేదో, ఊళ్ళో ఉన్న పిల్లలంతా దిగారు. పిల్లలతో తల్లులు, తల్లులతో అత్తలు. రోజూ చేపలు తూచి అమ్మే ఆడవాళ్ళు వాళ్ళు. వాళ్ళ ముందు కాటా పట్టుకుని నిలబడటం ఎంత తెలివితక్కువ పనో మూడో పిల్ల దగ్గరే తెలిసింది.

"ఒలమ్మో, ఏడు కేజీలేటి! మీ కాటా తక్కువ సూపిత్తంది," అని ఒకామె.

"సున్నా మీద ముల్లు సరిగ్గా నేదు సూడు," అని ఇంకొకామె.

"రాయి ఏసి సూపండి ముందు!"

పక్కింట్లోంచి కిలో రాయి తెచ్చి నా కాటాను పరీక్ష చేశారు. పాసైంది. అయినా ముగ్గురు తల్లులు పిల్లల్ని రెండోసారి తూయించుకున్నారు. మధ్యాహ్నానికి ముప్ఫై మందికి పైగా తూచాను. నా పిల్లవాడు మాత్రం రాలేదు.

ఎండ నడినెత్తికొచ్చాక అరవై దాటిన ఒకావిడ నడుమున పిల్లవాణ్ణి వేసుకుని తీరిగ్గా వచ్చింది. వాడి బుగ్గన కాసంత దిష్టిచుక్క, మొలకు తాడు, అందిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఆవిడ పేరు పోలమ్మ. ఎండుచేపలమ్ముకునే విధవరాలు, పిల్లల్లేరు.

"ఈడు నా కొడుకు తవుడు," అంది గొప్పగా. "తూసి సెప్పండి. ఊరందరి కన్నా ఈడే బరువుండాల."

తొమ్మిదిన్నర. మరీ తక్కువేమీ కాదు. నా గుండె కొంచెం కుదుటపడింది, గానీ బరువును బట్టి ఏదీ తేలదు. ఆవిడ వెనకాల, పాక గుంజను ఆనుకుని ఒక సన్నటి ఆడమనిషి నిలబడి ఉంది. ముప్ఫై కూడా ఉండవు. భుజం ఎముకలు జాకెట్టు కింద నుంచి పైకి తేలి కనిపిస్తున్నాయి. అప్పలరాజును చూడగానే తల తిప్పేసుకుంది. ఆమే నూకాలు.

జనం పలచబడ్డాక దగ్గరికెళ్ళి మెల్లగా అన్నాను. "రేపు శనివారం ఆసుపత్రికి రావాలమ్మా. పిల్లవాడికి ఆఖరి పరీక్ష. నీ బిడ్డ కోసమే హైదరాబాదు నుంచి వచ్చాను."

"నాకు పిల్లల్నేరండి," అంది, నా కళ్ళలోకి చూస్తూ. "ఆవిడ కొడుకు ఆడు. ఆవిడ్నడగండి."

ఇంత దూరం వచ్చి, మూడు పెసరట్లు తిని, ఇసుకలో పడి, ముప్ఫై మందిని తూచిన మనిషికి చెప్పాల్సిన మాటేనా ఇది? పళ్ళు నూరుకుంటూ పోలమ్మ దగ్గరికెళ్ళాను. టీకా అన్నాను, బలం మందు అన్నాను, నోటికొచ్చిందల్లా అన్నాను. ఆవిడ అన్నీ విని, "నూకాలు రమ్మంటే వొత్తాను," అంది. నూకాలేమో ఆవిడ్ని అడగమంటుంది. ఇద్దరి మధ్యా అలా నాలుగుసార్లు తిరిగాను.

ఆ పూట నాకు అన్నం పెట్టింది పోలమ్మే. చోడి అంబలి, అంటే మా రాగిజావే, దానితో ఎండు నెత్తళ్ళనే చిన్నచేపల వేపుడు. మా వైపు మృగశిర కార్తెనాడు చేపలు తిని మిగతా ఏడాదంతా ఆ ఊసు మరిచిపోతాం. నెత్తళ్ళు తల తీయకుండా తినాలని తెలియక నేను ఒక్కొక్కదాన్నీ వలుస్తుంటే పోలమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నూకాలు కూడా నవ్వింది. అప్పుడే అంది, పోలమ్మతో, నాతో కాదు (అక్కను అక్కడ అప్ప అంటారు): "అప్పా, రేపు టౌనుకి ఎండుసేపలు తీసుకెల్తావు కదా. నానూ వొత్తాను. నీ కొడుకుని కూడా తెచ్చీ."

శనివారం: వేలిముద్ర

ఆసుపత్రిలో మా గది శనివారం ఒంటిగంటకు మూసేస్తారు. పది గంటలకు వస్తామన్నవాళ్ళు పన్నెండు దాటాక వచ్చారు, దారి పొడుగునా చేపలు అమ్ముకుంటూ. మిగిలిన చేపలతో గంపను నేరుగా గదిలోకి తెచ్చారు. రక్తం పరీక్ష చేసే అబ్బాయి ముక్కు మూసుకుని కిటికీలు తెరిచాడు.

నూకాలు భర్త వేటకు వెళ్ళాడు, వారం దాకా రాడు. అంగీకారపత్రం మీద సంతకం పెట్టాల్సింది తల్లే. నియమం ప్రకారం పత్రమంతా చదివి వినిపించి, చివర అడిగాను. "ఈ బిడ్డ తల్లివి నువ్వేనా?"

నూకాలు గోడ వైపు చూసింది.

"నానే తల్లిని," అంది పోలమ్మ. "నలుగురి ముందు చాటెడు తవుడెట్టి కొనుక్కున్నాను. ముద్ర నానేత్తాను, ఎక్కడెయ్యాల?"

బొటనవేలు అప్పటికే సిరాలో ముంచేసింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, పరుగున వెళ్ళి బయట బూత్ నుంచి హైదరాబాదు ఫోన్ చేశాను. మా డాక్టరుగారు అంతా విన్నారు. మంచివారే, కానీ నియమం నియమమే అన్నారు.

"కన్నతల్లి ఒప్పుకోకుండా బిడ్డకు సూది గుచ్చడానికి వీల్లేదు విమలగారూ. ఒప్పుకోకపోతే తప్పిపోయిన కేసు అని రాసేసి వచ్చేయండి."

ఆయన చెప్పింది తప్పని అనను. ఆ నియమం ఉన్నది పేదవాళ్ళ బిడ్డల్ని ఎవరు పడితే వాళ్ళు పరీక్షలకు తెచ్చేయకుండా ఉండటానికే. అయినా ఆ క్షణాన ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

నూకాలును ఒక్కదాన్నే లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపేసి అరిచేశాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, నిజంగానే అరిచాను. "తవుడేమిటి, చాటేమిటి, ఈ పిచ్చి నమ్మకాలతో బిడ్డ ప్రాణం మీదికి తెస్తావా? నీ కడుపున పుట్టినవాడు కాడా?"

ఆమె నేల మీద కూర్చుంది. నిలబడే ఓపిక లేదని అప్పుడు గమనించాను.

"మీరే కదమ్మా పాలివ్వొద్దన్నారు," అంది.

"నేనా?"

"మీరు కాకపోతే మీ నర్సమ్మ. డబ్బా పాలే పడతానంటే సుక్క కూడా రొమ్ము పాలివ్వకూడదని, రెండూ కలిపితే మరీ ముప్పని సెప్పింది. సరేనన్నాను. మా పల్లెలో పాలివ్వని తల్లినొగ్గుతారేటి? ఏటి కత, ఎందుకివ్వవు, ఏ జబ్బని అడుగుతారు. ఇక్కడ మంచమ్మీదే ఆలోసించినాను. గుంటడు నాది కాకపోతే పాలెందుకిత్తానని ఎవరడుగుతారు? మా అత్తతో నానే సెప్పినాను, ఇద్దరు పోయినారు కదా, ఈడిని అమ్మీద్దామని. ఊరంతా అవునంది. పోలమ్మప్ప ఇంట్లో డబ్బా పాలు కాసి పట్టింది. మీరిచ్చిన డబ్బాలు సేపల తట్టలో దాసి నాను మోసినాను."

తల్లుల కోసం మా ఆఫీసులో అచ్చు వేసిన సలహాల పుస్తకం ఉంది. ఏ పాలు ఎలా కాచాలి, సీసా ఎలా కడగాలి అన్నీ ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి అన్నది అందులో లేదు. దాన్ని ఈమె ఒక్కతే, కాన్పు మంచం మీద పడుకుని, మూడో రోజుకల్లా తేల్చుకుంది. ఇందాక నేను అరిచిన మాటలు వెనక్కి తీసుకోవడానికి దారి లేక, "నన్ను క్షమించమ్మా" అన్నాను.

"పోలమ్మకు తెలుసా?" అని అడిగాను.

"నాను సెప్పనేదు. ఆవిడ అడగనేదు."

"మరి ఇప్పుడు కాగితం మీద..."

"ముద్రేత్తాను. నాదని నోటితో మాత్రం అనిపించకండి. నావి అన్నవాల్లు ఇద్దరూ పోయినారు. ముద్రకి నోరు నేదు కదమ్మా, అది ఏత్తాను."

తల్లి అన్న గడిలో ముద్ర వేసింది. అది ఎవరి ముద్రో, ఎందుకు వేసిందో నాకు తెలుసు. ఒప్పుకోవడమంటే ఇంతకన్నా ఏం కావాలో నాకు తెలియదు. సాక్షి గడిలో నేను సంతకం పెట్టాను.

వేలి కొస గుచ్చినప్పుడు పిల్లవాడు పోలమ్మ ఒళ్ళో గుక్కపట్టి ఏడ్చాడు. నూకాలు గోడ వైపు తిరిగి నిలబడింది. ఒక చిన్న పలక మీద రక్తం చుక్క వేసి కాసేపు ఆగాలి. ఒక గీత వస్తే జబ్బు లేనట్టు, రెండు వస్తే ఉన్నట్టు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. అప్పలరాజు ఉంగరం తిప్పుకుంటూ కూర్చున్నాడు. రెండో గీత రాలేదు. ఇంకో రకం పలక మీద కూడా చూశాం. అక్కడా రాలేదు.

ఫలితం తల్లికి మాత్రమే, విడిగా చెప్పాలి. మళ్ళీ లోపలి గది, మళ్ళీ తలుపు.

"లేదమ్మా. వాడికి జబ్బు లేదు."

"నిజ్జంగానా?"

"నిజంగా."

ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. "ఇంక దేనికీ భయం లేదు నూకాలూ. పాల గొడవ అయిపోయింది. ఆ తవుడేదో పోలమ్మకు తిరిగిచ్చేసి నీ కొడుకుని నువ్వు తెచ్చేసుకో!"

ఆమె కొంగు తీసి నన్ను చూసింది. ఏడాదిన్నర కాగితాలు చదివిన మనిషికి ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

"ఆడికి నేదు. నాకున్నాది కదమ్మా," అంది. "తట్ట ఎత్తలేకపోతన్నాను. ఇంకెన్నాల్లుంతానో నాకేటి తెలుసు? ఇప్పుడు ఆడికి తల్లుంది. నాను పోయినా ఆడు తల్లి నేనోడు అవడు. ఉండనీండి."

లేచి కళ్ళు తుడుచుకుని వరండాలోకి వెళ్ళింది. పోలమ్మ పిల్లవాడి నోట్లోంచి నా పెన్ను లాగడానికి తంటాలు పడుతోంది.

"అప్పా," అంది నూకాలు, "నీ కొడుక్కి ఏటీ నేదట."

"నా కొడుక్కేటవుద్దే?" అంది పోలమ్మ. పిల్లవాణ్ణి నడుమున వేసుకుని, రెండో చేత్తో చేపల గంప కూడా తనే ఎత్తుకుంది. నూకాలును ఎత్తనివ్వలేదు. అడగకుండానే ఆవిడకు అంతా తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

తిరుగు బండి

వాళ్ళు వెళ్ళిపోయాక అప్పలరాజును అడిగాను. "మరి ఆమెకు మందులు?"

"మన ఫారంలో తల్లికి గడి ఇక్కడితో అయిపోనాది మేడం," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

పెద్దవాళ్ళకు ఉచితంగా మందులివ్వడం సర్కారు అప్పుడప్పుడే మొదలుపెడుతోంది. వరుస చాలా పొడుగ్గా ఉంది. బండికి టైమవుతున్నా వెళ్ళి నూకాలు పేరు అందులో రాయించాను. అడ్రసు అడిగితే ఉక్కునగరం క్వార్టరుదే ఇచ్చాను. ఉత్తరం వేసిన రోజే పల్లెకు వెళ్ళి చెప్పాలని అప్పలరాజు చేత ఒట్టు వేయించుకున్నాను. స్టేషన్లో మరమరాలతో చేసే మురీ మిక్చర్ కొనుక్కుంటే పొట్లం చినిగి సగం ప్లాట్‌ఫారం మీద పోయింది. మా వీధివాళ్ళ కోసం మాడుగుల హల్వా కొన్నాను. కొండ ఎక్కలేదన్న తప్పు దానితో కొంచెం మాఫీ అయింది.

సోమవారం మా డాక్టరుగారు ఫలితం చూసి సంతోషించారు. ఆ వెంటనే ఎర్ర పెన్ను నాకిచ్చి, "ఆ 'అమ్మేశారు' అన్నది మాత్రం కొట్టేయండి. పైవాళ్ళు మళ్ళీ అడుగుతారు. తల్లి దగ్గరే క్షేమంగా ఉన్నాడని రాయండి" అన్నారు.

నేను కొట్టేయలేదు. గడిలో చోటు లేకపోతే వెనక పేజీ తిప్పి రాశాను: "కార్యకర్త రాసింది సరిగ్గానే ఉంది. బిడ్డను తల్లే అమ్మింది. కొన్న తల్లి దగ్గర క్షేమంగా ఉన్నాడు." కింద సంతకం పెట్టాను.